నెమ్ము చేసినప్పుడు ఇమ్యూనిటీ తక్కువా, ఎక్కువా?

మీరు రాసిన విషయం క్లుప్తంగా ఇదీ. విజయవాడలో ఉంటున్న మీ నాన్నగారికి 62 ఏళ్లు, పదిహేనేళ్లుగా షుగర్. మొదట జలుబు చేసి తగ్గినట్టే తగ్గింది, నాలుగు రోజులకి చలిజ్వరం వచ్చింది. కుడి ఊపిరితిత్తిలో నెమ్ము (న్యుమోనియా) అని ఐసీయూలో చేర్చారు. కళ్లె పరీక్షలో న్యూమోకాకస్ అనే బ్యాక్టీరియా కనిపించింది. మొదటి రోజు చూసిన డాక్టరుగారు "షుగర్ వల్ల ఇమ్యూనిటీ తగ్గింది" అన్నారు. మర్నాడు ఇంకొకరు వచ్చి "ఇమ్యూనిటీ ఓవర్‌గా రియాక్ట్ అవుతోంది" అని స్టెరాయిడ్ మొదలుపెట్టారు. మూడో రోజు జ్వరం దిగింది గానీ ఎక్స్‌రేలో తెలుపు ఇంకా పెరిగింది. ఇద్దరిలో ఎవరు కరెక్ట్, పోరాడాల్సిన సమయంలో ఇమ్యూనిటీని తగ్గించే మందు ఎందుకు అన్నది మీ టెన్షన్.

ఇద్దరూ కరెక్టేనమ్మా. ఇద్దరూ వేర్వేరు కణాల గురించి, వేర్వేరు రోజుల గురించి మాట్లాడారు. అది మీకు విడమర్చి చెప్పే తీరిక ఐసీయూ గుమ్మం దగ్గర ఎవరికీ ఉండదు. గుంటూరులో ముప్పై ఏళ్లకు పైగా ఛాతీ జబ్బులు చూసినవాణ్ని, ఇప్పుడు నాకా తీరిక ఉంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ఇమ్యూనిటీ అనే మాటను మనం పెట్రోలు ట్యాంకులా వాడుతున్నాం. కోవిడ్ తర్వాత మరీను. నిండుగా ఉంటే మంచిది, తగ్గితే ఏదో ఒక కషాయమో పొడో పోసి నింపుకోవాలి అన్నట్టు. ఊపిరితిత్తిలో జరిగేది చూస్తే ఆ మాట వాడబుద్ధి కాదు. అక్కడ నాలుగైదు రకాల కణాలు ఒకదాన్నొకటి పిలుస్తుంటాయి, ఆపుతుంటాయి, ఒకదాని శవాన్ని ఇంకొకటి మింగుతుంటుంది. ఎవరు ఎవర్ని ఎప్పుడు పిలిచారు, ఎప్పుడు ఇంటికి పంపారు అన్నదాన్ని బట్టి మనిషి గట్టెక్కడం ఆధారపడి ఉంటుంది.

మనకి రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 30 నుంచి 50 కోట్ల గాలి గదులుంటాయి. మామూలు రోజుల్లో వాటిలో కాపలా కాసేది మాక్రోఫేజ్ అనే పెద్ద కణం. ఇది రక్తంలోంచి రోజూ డ్యూటీకి వచ్చే రకం కాదు. పుట్టిన కొత్తలోనే ఊపిరితిత్తుల్లో చేరి, అక్కడే కాపురం పెట్టి, అక్కడే తన సంఖ్యను నిలుపుకుంటూ వస్తుంది. దాన్ని పోషించేది గది గోడ. గోడలో ఉండే టైప్-2 కణాలు జీఎం-సీఎస్ఎఫ్ అనే ప్రొటీన్ వదులుతుంటేనే మాక్రోఫేజ్ తన పని తాను చేసుకుంటుంది. ఆ ప్రొటీన్ మీద ఒంట్లోనే యాంటీబాడీలు పుట్టిన అరుదైన మనుషుల్లో గాలి గదుల నిండా జిగురు పేరుకుపోతుంది. అలాంటివాళ్లని నా సర్వీసు మొత్తంలో ఇద్దర్నే చూశాను.

పోషించే ఆ గోడే మాక్రోఫేజ్‌ని అదుపులో కూడా పెడుతుంది. గోడ కణాల మీద సీడీ200 అనే గుర్తు ఉంటుంది. మాక్రోఫేజ్ దానికి ఆనుకుని ఉన్నంతసేపూ "ఊరికే కేకలు పెట్టకు" అని దానికి చెబుతున్నట్టే. ఇది చాలా అవసరం. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి రెండు నిమిషాలు నిలబడితే ఎంత దుమ్ము పీలుస్తామో మీకు తెలుసు. అందులో ఉన్న ప్రతి క్రిమికీ ఊరంతా లేపితే మనకి రోజూ నెమ్మే. కెనడాలోని కాల్గరీ శాస్త్రవేత్తలు 2020లో బతికున్న ఎలుకల ఊపిరితిత్తుల్లోకి సూక్ష్మదర్శిని పెట్టి చూశారు. మాక్రోఫేజ్‌లు గదికొకటి చొప్పున కూడా లేవు. ఒక గది నుంచి ఇంకో గదికి పాకుతూ, దొరికిన బ్యాక్టీరియాను గుట్టుచప్పుడు కాకుండా మింగేస్తున్నాయి. ఆ పాకడం ఆపేస్తే మాత్రం వెంటనే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాల గుంపు వచ్చిపడింది. వైరస్ సోకిన ఎలుకల్లో ఈ పాకడం మందగించింది కూడా.

మీ నాన్నగారి జలుబు గుర్తు చేసుకోండి. వైరస్ మీద పోరాటంలో టీ కణాలనే తెల్లకణాలు ఇంటర్ఫెరాన్-గామా అనే రసాయనం వదులుతాయి. వైరస్‌కి అది మంచిదే గానీ, బ్యాక్టీరియాను పట్టుకోవడానికి మాక్రోఫేజ్ మీద ఉండే కొక్కేల్ని అది తగ్గిస్తుంది. ఎలుకల్లో ఇది 2008లోనే తేలింది. అంటే ఒక శత్రువు కోసం ఇచ్చిన ఆర్డరు ఇంకో శత్రువుకి తలుపు తీసింది. 1918 ఫ్లూలో పోయినవాళ్లలో ఎక్కువమందిని తీసుకుపోయింది వైరస్ తర్వాత వచ్చిన బ్యాక్టీరియా నెమ్మేనని అప్పటి శవపరీక్షల నమూనాలు మళ్లీ చూసినవాళ్లు తేల్చారు. "జలుబు తగ్గింది, మళ్లీ జ్వరం వచ్చింది" అని ఎవరైనా చెబితే మేం స్టెతస్కోపు ఇంకొంచెం జాగ్రత్తగా పెట్టేది అందుకే.

కాపలావాడి చేతికి మించి క్రిములు వచ్చాయనుకోండి. అప్పుడు మాక్రోఫేజ్ కేక వేస్తుంది. ఆ కేకలు రసాయనాలు: టీఎన్ఎఫ్, ఐఎల్-1, ఐఎల్-6, ఐఎల్-8 వగైరా. టీఎన్ఎఫ్, ఐఎల్-1 పక్కనున్న గోడ కణాల్ని, రక్తనాళాల లోపలి పొరని లేపుతాయి. గోడ కణాలు తామూ ఐఎల్-8 వదలడం మొదలుపెడతాయి, దాంతో ఒక కేక వంద కేకలవుతుంది. ఐఎల్-8 వాసన పట్టి వచ్చేవి న్యూట్రోఫిల్స్. మీరు పెట్టిన రిపోర్టులో "పాలీమార్ఫ్స్ 88" అని ఉంది చూడండి, అవే ఇవి. టీసీ, అంటే మొత్తం తెల్లకణాల లెక్క, 19,000 ఉందంటే ఎముక మూలుగ తన గోదాముల్లోంచి వాటిని రక్తంలోకి తోసిందని అర్థం. ఆరోగ్యంగా ఉన్న మనిషి మూలుగే రోజుకి సుమారు 10,000 కోట్ల న్యూట్రోఫిల్స్ తయారు చేస్తుంది. ఊపిరితిత్తుల్లోని సన్న రక్తనాళాలు కొన్నిచోట్ల ఈ కణం కంటే ఇరుకు. కణం నలిగి, సాగి దూరాలి. కాబట్టి అక్కడ ఎప్పుడూ కొన్ని నెమ్మదిగా కదులుతూ నిలవ ఉంటాయి. పిలుపు రాగానే పక్క గదిలోంచి వచ్చినట్టు వచ్చేస్తాయి.

ఐఎల్-6 మాత్రం రక్తంలో పడి కాలేయం దాకా పోతుంది. కాలేయం సీఆర్పీ తయారు చేస్తుంది. ఇప్పుడు ప్రతి ల్యాబులో రాసే ఆ సీఆర్పీ పరీక్ష పుట్టింది మీ నాన్నగారికి వచ్చిన జబ్బులోంచే. 1930లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు న్యూమోకాకస్ నెమ్ము రోగుల రక్తంలో దాన్ని మొదటిసారి చూశారు. పేరులోని 'సీ' ఆ బ్యాక్టీరియా గోడలోని సీ-పాలిశాకరైడ్‌ది. సీఆర్పీ క్రిమికి అతుక్కుని, మింగే కణాలకి దాన్ని చూపిస్తుంది. ఊపిరితిత్తిలో వేసిన కేకకి కాలేయం పంపిన సాయం అది.

న్యూట్రోఫిల్ మంచి సైనికుడే గానీ మర్యాదస్తుడు కాదు. మింగుతుంది, బ్లీచింగ్ లాంటి ఘాటు రసాయనాలు చల్లుతుంది, గోడల్ని కరిగించే ఎలాస్టేజ్ వదులుతుంది. చివరికి తన డీఎన్ఏనే వలలా విసురుతుంది. ఈ వల సంగతి బెర్లిన్ శాస్త్రవేత్తలు 2004లో బయటపెట్టారు. న్యూమోకాకస్ దగ్గర ఆ వలను కత్తిరించే ఎంజైమ్ ఉండటం వేరే కథ. కళ్లె అంత జిగురుగా తీగలు సాగడానికి ఈ డీఎన్ఏ కూడా ఒక కారణం. ఆకుపచ్చగా ఉండటానికి కారణం న్యూట్రోఫిల్‌లోని మైలోపెరాక్సిడేజ్ అనే ఆకుపచ్చ ఎంజైమ్. కళ్లె పచ్చగా ఉందంటే క్రిమి రంగు అనుకుంటారు చాలామంది. అది మన సైనికుల రంగు.

మా ఊరి ఉదాహరణ ఒకటి చెబుతాను. మిర్చి కోల్డ్ స్టోరేజీలో నిప్పంటుకుందనుకోండి. ఫైరింజన్లు వచ్చి నీళ్లు కొడతాయి. మంట ఆరుతుంది. తీరా చూస్తే కాలిన టిక్కీల (మిర్చి బస్తాల) కంటే తడిసి బూజు పట్టిన టిక్కీలే ఎక్కువ. అలాగని ఫైరింజన్ని పిలవకుండా ఉంటామా? న్యూట్రోఫిల్స్ వ్యవహారం అచ్చంగా ఇదే. అవి వచ్చే దారిలో రక్తనాళాల గోడలు వదులై, నీరూ ప్రొటీనూ గాలి గదుల్లోకి కారతాయి. మన పెద్దవాళ్లు దీనికి నెమ్ము అని పేరు పెట్టడం నాకెప్పుడూ ముచ్చటేస్తుంది. తడి అని నేరుగా అన్నారు.

ఇప్పుడు మీ ఎక్స్‌రే దగ్గరికి వద్దాం. అందులో కనిపించే తెలుపు బ్యాక్టీరియా కాదమ్మా. మన కణాలు, మన నీరు, మన ప్రొటీన్. ఈ పాఠం నాకు ఒక రోగి నేర్పాడు. 1990లలో, క్యాన్సర్ మందులతో తెల్లకణాలు దాదాపు సున్నాకి పడిపోయిన ఓ యువకుడు జ్వరంతో, ఆయాసంతో వచ్చాడు. ఎక్స్‌రే దాదాపు శుభ్రంగా ఉంది. నెమ్ము లేదని నేనే వాళ్లన్నయ్యకి ధైర్యం చెప్పాను. నాలుగు రోజులకి కౌంట్ పెరగడం మొదలైంది, అందరం సంతోషించాం. అదే రోజు ఎక్స్‌రేలో ఒక పక్కంతా తెల్లబడింది, ఆక్సిజన్ పడిపోయింది. నెమ్ము మొదటి రోజు నుంచీ ఉంది. దాన్ని ఫిల్ము మీద చూపించే న్యూట్రోఫిల్స్ లేవు, అంతే. అవి వచ్చాకే తెలుపూ వచ్చింది, ఆయాసమూ ముదిరింది. ఆ అబ్బాయి బతికాడు గానీ, నేను చెప్పిన ధైర్యం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. మీ నాన్నగారి విషయంలో జ్వరం దిగడం, ఊపిరి వేగం తగ్గడం, ఆక్సిజన్ అవసరం తగ్గడం చూడండి. ఫిల్ము ఎప్పుడూ రెండడుగులు వెనక నడుస్తుంది.

న్యూట్రోఫిల్స్‌ని పిలిచేది మాక్రోఫేజ్ ఒక్కటే కాదు. గోడల దగ్గర గామా-డెల్టా టీ కణాలని కొన్ని ఉంటాయి. సంఖ్య తక్కువ, నోరు పెద్దది. ఇవి గంటల్లోనే ఐఎల్-17 వదులుతాయి. అది న్యూట్రోఫిల్స్‌తో నేరుగా మాట్లాడటం కంటే గోడ కణాల్ని ఎగదోసి వాళ్లచేత పిలిపించడమే ఎక్కువ. ఐఎల్-17 అందుకునే రిసెప్టర్ లేని ఎలుకలకి క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కిస్తే, న్యూట్రోఫిల్స్ ఆలస్యంగా వచ్చి ఎలుకలు చచ్చిపోయాయని 2001లో చూపించారు.

గుంటూరువాణ్ని కదా, ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. మిర్చి యార్డులోకి అడుగు పెట్టగానే దగ్గు తెప్పించే నరాలున్నాయే, కారంలోని క్యాప్సైసిన్‌ని పసిగట్టేవి, అవి కూడా ఈ సంభాషణలో ఉన్నాయి. 2018లో హార్వర్డ్ బృందం ఒకటి ఎలుకల్లో ఆ నరాలని తీసేసి స్టెఫైలోకాకస్ నెమ్ము తెప్పించింది. నరాలు లేని ఎలుకల్లో న్యూట్రోఫిల్స్, గామా-డెల్టా కణాలు ఎక్కువగా వచ్చాయి, ఎక్కువ ఎలుకలు బతికాయి. అంటే ఆ నరాలు సీజీఆర్పీ అనే పదార్థం వదిలి ఇమ్యూనిటీకి కళ్లెం వేస్తున్నాయన్నమాట. దీన్ని బట్టి కారం తింటే నెమ్ము తగ్గుతుందనీ, మానేస్తే రాదనీ ఎవరూ వాట్సాప్‌లో పెట్టకండి, దండం పెడతాను.

మొదటి డాక్టరుగారి మాట ఇక్కడ సరిపోతుంది. షుగర్ ఎక్కువగా ఉన్న రక్తంలో న్యూట్రోఫిల్ సంఖ్యకి లోటుండదు, పనికే లోటు. వాసన పట్టి నడవడం మందగిస్తుంది, మింగడం, చంపడం తగ్గుతాయి. క్రిమి చావదు కాబట్టి మాక్రోఫేజ్ కేకలు ఆపదు, కేకలు ఆగవు కాబట్టి మరిన్ని న్యూట్రోఫిల్స్ వస్తాయి. పని తక్కువ, గందరగోళం ఎక్కువ. "తగ్గింది", "ఓవర్ అయింది" అనే రెండు మాటలూ ఒకే మంచం మీద కలిసేది ఇలాగే. 2025లో గుంటూరు పక్కన తురకపాలెం మరణాలప్పుడు వార్తల్లో వినిపించిన మెలియాయిడోసిస్ కూడా షుగర్ ఉన్నవాళ్లనే ఎక్కువగా పట్టే జబ్బు. దాని బ్యాక్టీరియా తడి మట్టిలో, పొలాల నీటిలో ఉంటుంది, న్యూట్రోఫిల్ లోపల కూడా బతకగలదు. మీ నాన్నగారికి వచ్చింది అది కాదు కాబట్టి దాని జోలికి పోను.

ఇక ఆపడం సంగతి. నా దృష్టిలో అసలు కథ ఇదే, దీని గురించే తక్కువ మాట్లాడతాం. పని అయిపోయిన న్యూట్రోఫిల్ తనంతట తాను చావడానికి సిద్ధపడుతుంది. చచ్చే ముందు "నన్ను తినేయి" అని ఒంటి మీద గుర్తు బయటపెడుతుంది. మాక్రోఫేజ్ వచ్చి మింగుతుంది. అలా మింగిన మాక్రోఫేజ్ స్వభావమే మారిపోతుంది. టీఎన్ఎఫ్ తగ్గించి, ఐఎల్-10, టీజీఎఫ్-బీటా వదలడం మొదలుపెడుతుంది, అంటే ఇక చాలు, గోడలు కట్టండి అని. న్యూట్రోఫిల్స్ కూడా మొదట్లో తమవాళ్లని పిలిచే ల్యూకోట్రయీన్ బీ4 తయారు చేసినవే, తర్వాత పిలుపు ఆపే లిపాక్సిన్‌కి మళ్లుతాయి. శవాన్ని వేళకి మింగకపోతే అది పగిలి లోపలి ఎలాస్టేజ్ అంతా ఒలకబోస్తుంది. గోడ దెబ్బతింటుంది, దెబ్బతిన్న గోడ మళ్లీ కేక వేస్తుంది. క్రిమి చచ్చాక కూడా జబ్బు ముదరడం అంటే ఇదే.

స్టెరాయిడ్ ఇచ్చేది ఆ చక్రాన్ని విరగ్గొట్టడానికి. యాంటీబయాటిక్ క్రిముల్ని చంపుతుంటే, హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్ టీఎన్ఎఫ్, ఐఎల్-6 కేకల గొంతు తగ్గిస్తుంది, మాక్రోఫేజ్ శవాల్ని మింగే పనిని పెంచుతుంది. ఒకప్పుడు నేనూ దీన్ని నమ్మలేదు. 2023లో ఫ్రాన్స్ ఐసీయూల్లో జరిగిన పెద్ద పరీక్షలో, తీవ్రమైన నెమ్ముతో చేరినవాళ్లకి తొలి 24 గంటల్లో హైడ్రోకార్టిజోన్ మొదలుపెడితే 28 రోజుల లోపు మరణాలు 11.9 శాతం నుంచి 6.2 శాతానికి తగ్గాయి. ఆ పరీక్షలో ఫ్లూ నెమ్ము ఉన్నవాళ్లని చేర్చుకోలేదు. ఇంటి దగ్గర మాత్రలతో తగ్గే నెమ్ముకి ఇది వర్తించదు కూడా. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ మాత్రలు వేసుకునేవాళ్లు దీన్ని సాకుగా చూపించకూడదు. మీ నాన్నగారికి షుగర్ పెరుగుతుంది, ఇన్సులిన్ ఎక్కువ పడుతుంది. పెరిగిందని కంగారు పడకండి, రోజుకెన్నిసార్లు చూస్తున్నారో మాత్రం అడగండి.

చివరగా టీ, బీ కణాలు. డెండ్రైటిక్ కణాలు క్రిమి ముక్కల్ని మోసుకుని ఛాతీ మధ్యలోని బిళ్లల (లింఫ్ గ్రంథుల) దాకా పోయి టీ కణాలకి చూపిస్తాయి, టీ కణాలు యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలకి సాయం చేస్తాయి, ఆ యాంటీబాడీలు తయారవడానికి వారం దాకా పడుతుంది. పెన్సిలిన్ లేని రోజుల్లో నెమ్ము రోగి ఏడో రోజుకో, పదో రోజు లోపో ఉన్నట్టుండి చెమటలు పట్టి జ్వరం దిగి లేచి కూర్చునేవాడు, లేదా పోయేవాడు. గండం గడిచిందనేవారు. ఆ గండం చాలావరకు యాంటీబాడీలు వేళకి అందాయా లేదా అన్నదే.

కాబట్టి డిశ్చార్జి అయ్యాక మీరు డబ్బు పెట్టాల్సింది బూస్టర్ పొడుల మీద కాదు, న్యూమోకాకస్ టీకా మీద. ఈ క్రిమి చుట్టూ చక్కెర పొర ఉంటుంది. ఒట్టి చక్కెరని టీ కణాలు మామూలుగా పట్టించుకోవు, బీ కణాలు ఒంటరిగా పని చేయాల్సి వస్తుంది, జ్ఞాపకం గట్టిగా నిలవదు. కాంజుగేట్ టీకాలో ఆ చక్కెరని ఒక ప్రొటీన్‌కి అతికించారు. ప్రొటీన్‌ని చూసి టీ కణం వస్తుంది, వచ్చి బీ కణానికి సాయం చేస్తుంది. ఎప్పుడు, ఏది వేయాలో మీ డాక్టరుగారే చెబుతారు. ఏటా ఫ్లూ టీకా కూడా అడగండి. జలుబు తర్వాత ఏమైందో చూశారుగా.

ఎక్స్‌రే కోసం రోజూ పట్టుబట్టకండి. ఆయన వయసుకి, షుగర్‌కి ఆ తెలుపు పూర్తిగా పోవడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు. ఆరు వారాలకి ఒకటి తీయించండి. అప్పటికి తగ్గుముఖం కనిపించకపోతేనో, మచ్చ అలాగే ఉంటేనో కళ్లె టీబీకి పంపి, స్కాన్ తీయించాలి. పొగ తాగే అలవాటు ఉందో లేదో మీరు రాయలేదు, ఉంటే ఆ స్కాన్ అస్సలు వాయిదా వేయొద్దు.